దమ్‌దమ్ నుంచి క్వాంటికో దాకా: చేతి తుపాకీ తూటా కథ

కలకత్తాలో విమానం దిగేవాళ్లకు దమ్‌దమ్ ఒక ప్రాంతం పేరు, ఒక మెట్రో స్టేషను పేరు. దమ్‌దమా అనే పాత మాటకు ఫిరంగులు నిలిపే మట్టిదిబ్బ అని అర్థం. 1853లో మీరట్‌కు తరలిపోయేదాకా బెంగాల్ ఆర్టిలరీ ముఖ్య స్థావరం అక్కడే ఉండేది. ఆ దిబ్బ దగ్గరి తూటా పందొమ్మిదో శతాబ్దంలో రెండుసార్లు లోకాన్ని కదిలించింది. 1857 జనవరిలో ఒక ఖలాసీ దాహమై ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబు అడిగాడట. సిపాయి మైలపడుతుందని కాదన్నాడు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాను రేపు పంటితో కొరికేటప్పుడు నీ కులం ఎక్కడికి పోతుందని ఖలాసీ ఎత్తిపొడిచాడు. ఆ మాట బారకు నుంచి బారకుకు పాకి సిపాయిల తిరుగుబాటు దాకా వెళ్లిన సంగతి మనకు తెలుసు. సుమారు నలభై ఏళ్లకు అదే ఊళ్లో తయారైన మరో తూటా ఐరోపా రాజ్యాలు కూర్చున్న బల్ల చుట్టూ పెద్ద వాదన రేపింది. సైనికుడి పిస్తోలులో ఏ గుండు ఉండాలి, పోలీసు నడుముకు ఏ గుండు ఉండాలి అన్న ప్రశ్నకు ఇవాళ మనం చెప్పుకునే జవాబులన్నీ ఆ రెండో తూటా దగ్గర మొదలవుతాయి.

తూటా ఎంపిక అంటే ఏది ఎక్కువ ప్రాణం తీస్తుందన్న లెక్క అని చాలామంది అనుకుంటారు. నూటయాభై ఏళ్ల చరిత్రను దగ్గరగా చూసినవారికి మరో సంగతి కనిపిస్తుంది. ఎదురుగా మీదపడుతున్న మనిషిని ఆపాలి. ఆపడానికి అవసరమైనంతకు మించి అతణ్ణి హింసించకూడదు. అతని వెనక నిలబడ్డ మనిషికి తగలకూడదు. ఈ మూడు కోరికలు ఒకదానితో ఒకటి పేచీ పడుతూనే వచ్చాయి. ఏ కాలంలో ఏ కోరిక పైచేయి అయితే ఆ కాలపు తూటా ఆ రూపం తీసుకుంది.

ఒక 9 ఎంఎం తూటాను అరచేతిలో పెట్టుకు చూడండి. చిటికెన వేలి చివరి కణుపు కన్నా కాస్త పొడవు, దాదాపు 12 గ్రాముల బరువు. అడుగున గుండ్రటి క్యాప్, దాని మీద 19 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం, అందులో మందు, మూతిలో గుండు. సైన్యం వాడే గుండు ముక్కు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. లోపలి సీసం బయటికి కనిపించకుండా రాగి తొడుగు కప్పేస్తుంది. చాలా దేశాల పోలీసులు వాడే గుండుకు ముక్కు మీద చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఆ గుంట పువ్వులా విచ్చుకుని వేగం తగ్గి లోపలే ఆగిపోతుంది. గొట్టం అదే, మందు అదే, పిస్తోలు అదే. తేడా అంతా ముక్కు మీది ఆ గుంటలో ఉంది. ఆ గుంట సైనికుడికి ఎందుకు నిషిద్ధమైంది, పోలీసుకు ఎందుకు ముద్దయింది అన్నదే ఈ కథ.

మొదటి అంకాన్ని త్వరగా దాటవచ్చు. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్ పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో ఒక్కో గదిలో మందు పోసి, సీసం గుండు దట్టించి, వెనక క్యాప్ తగిలించాలి. 1857లో స్మిత్ అండ్ వెసన్ చిన్న లోహపు తూటాతో పనిచేసే రివాల్వర్ తెచ్చింది. మందు, గుండు, క్యాప్ ఒకే ముద్దగా జేబులో పెట్టుకునే వీలు కలిగింది. తూటాను ఎంచుకోవడం అన్న ఆలోచనకు అర్థం అప్పుడే వచ్చింది. అంతకు ముందు గుండును ఎవరికి వారు పోతపోసుకునేవారు.

ఆ తరంలోనే మరో మంచి ఆలోచన పుట్టింది. రష్యా చక్రవర్తి పిలుపు మీద 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సమావేశమైన దేశాలు 400 గ్రాములకు తక్కువ బరువుండి ఒంట్లో పేలే గుండ్లను యుద్ధంలో వాడబోమని ఒప్పుకున్నాయి. శత్రువు బలాన్ని తగ్గించడం వరకే యుద్ధానికి హక్కు ఉందని, పడిపోయినవాడి బాధను పెంచే ఆయుధం ఆ హద్దు దాటుతుందని ఆ ప్రకటన చెప్పింది. తుపాకులు చేసేవాళ్లు, చేయించేవాళ్లు తమంతట తామే ఒక గీత గీసుకున్నారు. ఆ గీతను తరవాత చాలాసార్లు దాటారు, కానీ చెరిపేయలేదు. ఈ చరిత్రలో నాకు గర్వంగా అనిపించే ఘట్టాల్లో అదొకటి.

1880ల చివర పొగరాని మందు రావడంతో గుండ్లు సన్నబడ్డాయి, వేగం పెరిగింది, సీసం కరిగిపోకుండా లోహపు తొడుగు వచ్చింది. బ్రిటిష్ సైన్యం త్రీ నాట్ త్రీ పట్టుకుని 1895లో చిత్రాల్ కొండల్లోకి వెళ్లింది. సన్నటి తొడుగు గుండు మనిషిలో దూరి అవతలికి పోతోందని, తగిలినవాడు ఆగకుండా వస్తున్నాడని అక్కడి నుంచి ఫిర్యాదులు వచ్చాయి. దమ్‌దమ్ కర్మాగారంలో కెప్టెన్ నెవిల్ బర్టీ క్లే తొడుగును ముక్కు దగ్గర కొంచెం తగ్గించి సీసం బయటపెట్టాడు. 1897లో తిరాహ్ దండయాత్రలో పఠాన్ల మీద ఆ గుండు వాడారు. చేతి తుపాకీ కూడా వెనకబడలేదు. 1887 నుంచి బ్రిటిష్ అధికారుల నడుమున ఉన్న పాయింట్ 455 వెబ్లీ రివాల్వర్‌కు 1898లో ముందూ వెనకా గుంటలున్న సీసపు గుండు ఇచ్చారు. దానికి మనిషిని ఆపేది అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

మరుసటి ఏడు హేగ్‌లో జరిగిన శాంతి సమావేశంలో ఈ గుండ్ల మీద వాదన వేడెక్కింది. ట్యూబింగెన్‌కు చెందిన శస్త్రవైద్యుడు బ్రన్స్ మెత్తని ముక్కు గుండ్లతో చేసిన పరీక్షల్లో గాయాలు భయంకరంగా వచ్చాయి. తాము దమ్‌దమ్‌లో చేసేది ఆ గుండు కాదని, ఆయన పరీక్షించినదానికి సీసం చాలా ఎక్కువ బయటికి ఉందని బ్రిటన్ వాదించింది. అందులో కొంత నిజముంది. కానీ బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా చేసిన రెండో వాదనే చరిత్రలో మచ్చగా మిగిలింది. నాగరిక సైనికుడికి చిన్న గుండు తగిలినా గాయమైందని గ్రహించి పక్కకు తప్పుకుంటాడట, అనాగరికుడు ఒంట్లో గుండ్లు దిగినా ఈటె పట్టుకుని మీదపడతాడట. ఆ వాదన చదివితే ఇవాళ్టికీ మనవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఒకే గుండుకు తెల్లవాడి ఒంట్లో ఒక నీతి, నల్లవాడి ఒంట్లో ఒక నీతి ఉంటుందని ఒక సామ్రాజ్యం సభలో నిలబడి చెప్పింది. సభ ఒప్పుకోలేదు. బ్రిటన్, అమెరికా కాదన్నా, ఒంట్లో విచ్చుకునే గుండ్లను నిషేధిస్తూ 1899 హేగ్ ప్రకటన వెలువడింది. వెబ్లీ గుంట గుండును 1900లో సైన్యం వెనక్కి తీసుకుంది. 1907లో బ్రిటన్ కూడా ప్రకటనలో చేరింది. అమెరికా ఇప్పటికీ చేరలేదు, అయినా తన యుద్ధాల్లో చాలాకాలం ఆ నియమాన్నే పాటిస్తూ వచ్చింది.

విచ్చుకునే దారి మూతపడితే మిగిలింది లావు పెంచే దారి. ఆ దారిన మొదట నడిచింది అమెరికా. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో జరిగిన పోరాటాల్లో 1892 నాటి పాయింట్ 38 కోల్ట్ రివాల్వర్ పనికిరావడం లేదని సైనికులు మొత్తుకున్నారు. బీరువాల్లో పడేసిన పాత పాయింట్ 45 రివాల్వర్లను మళ్లీ తెప్పించుకున్నారు. 1904లో కెప్టెన్ జాన్ థామ్సన్, వైద్యాధికారి మేజర్ లూయీ లగార్డ్ కలిసి షికాగో కబేళాలో పశువుల మీద, ఇంకా మృతదేహాల మీద రకరకాల తూటాలు కాల్చి చూశారు. ఈ థామ్సనే తరవాతి రోజుల్లో తన పేరిట వచ్చిన టామీ గన్‌తో ప్రసిద్ధుడయ్యాడు. వేలాడదీసిన దేహం గుండు తగిలి ఎంత ఊగిందో చూసి దెబ్బ బలాన్ని అంచనా వేయడం ఇవాళ్టి కళ్లతో చూస్తే శాస్త్రం అనిపించుకోదు. అయినా ఊహను పక్కనపెట్టి కాల్చి చూద్దాం అని బయల్దేరినవారిలో వాళ్లు తొలివరుసలో ఉన్నారు, ఆ గౌరవం వారికి ఇవ్వాల్సిందే. సైనికుడి చేతి తుపాకీకి పాయింట్ 45, అంటే 11.4 మిల్లీమీటర్ల లావుకు తక్కువ గుండు ఉండకూడదని వాళ్లు తేల్చారు. అదే నివేదికలో మరో మాట కూడా రాశారు. కీలకమైన చోట తగలకపోతే ఏ గుండైనా వృథా కనుక గురి మీద ఎడతెగని సాధన చేయించాలని. మొదటి మాట అమెరికా నరాల్లోకి ఎక్కింది. రెండోదాన్ని జనం మరిచిపోయారు. అది మళ్లీ గుర్తుకు రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

ఆ తీర్పు మీద జాన్ బ్రౌనింగ్ చేసిన పిస్తోలు 1911 మార్చిలో అమెరికా సైన్యంలోకి వచ్చింది. ఎంపిక పరీక్షలో 6,000 రౌండ్లు కాల్చారు. వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాని గుండు బరువు దాదాపు 15 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 255 మీటర్లు. నెమ్మదైన, బరువైన, తొడుగున్న గుండు. హేగ్ ఊసు ఎత్తేవాళ్లకు అభ్యంతరం లేదు, ఆగట్లేదు అనేవాళ్లకు ఊరట.

జర్మనీలో మరో ఆలోచన నడిచింది. గియోర్గ్ లూగర్ తన పిస్తోలుకు మొదట పెట్టిన 7.65 ఎంఎం గుండును లావు చేసి 1902 నాటికి 9 ఎంఎం పారబెల్లమ్ తయారుచేశాడు. శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడు అన్న లాటిన్ నానుడిలోంచి ఆ పేరు పుట్టింది. 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో సైన్యం దాన్ని తీసుకున్నాయి. గుండు బరువు పాయింట్ 45లో సుమారు సగం, వేగం ధ్వనిని మించినది. తూటా చిన్నది కనుక మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి, సంచిలో ఎక్కువ మోయవచ్చు, ఎదురుదెబ్బ తక్కువ కనుక కొత్తగా చేరిన కుర్రాడు కూడా గురి నేర్చుకుంటాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ సైన్యాలు, ఎక్కువ పోలీసు దళాలు వాడే చేతి తుపాకీ తూటా అదే. గుండు గొప్పదా అన్నదానికన్నా మనిషి చేతికి అది ఎంత ఒదుగుతుందన్నది ముఖ్యమని మొదట చూసింది జర్మన్లే అని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన నెలకే దమ్‌దమ్ పేరు మళ్లీ వినిపించింది. మిత్రరాజ్యాలు ఆ గుండ్లు వాడుతున్నాయంటూ జర్మన్ చక్రవర్తి కైజర్ 1914 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు తంతి పంపాడు. మిత్రరాజ్యాలు జర్మన్ల మీద అదే నేరం మోపాయి. నేరం ఎవరిదైనా, ఇద్దరూ సిగ్గుపడాల్సిన విషయంగానే దాన్ని లెక్కించారు. యుద్ధం ముగిశాక బరువైన వెబ్లీని కొత్త సైనికులు అదుపు చేయలేకపోతున్నారని బ్రిటన్ పాయింట్ 38కి దిగింది. 13 గ్రాముల సీసపు గుండుతో ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ 1932లో వచ్చింది. ఆ ఉత్త సీసం హేగ్ మాటకు విరుద్ధమవుతుందేమోనన్న జంకుతో, రెండో యుద్ధానికి ముందే దాన్ని తొడుగు గుండుగా మార్చారు. ఆ జాతి రివాల్వర్లే స్వాతంత్ర్యానంతరం కూడా దశాబ్దాలపాటు మన పోలీసు స్టేషన్లలో నిలిచాయి. ఎస్‌ఐగారి నడుముకు తోలు సంచిలో వేలాడిన పాయింట్ 38 మన తెలుగు సినిమా చూసినవాళ్లందరికీ ఎరుకే. సోవియట్లు తమ దారి తాము చూసుకున్నారు. 1930లో 7.62 ఎంఎం టోకరేవ్, 1951లో 9 ఎంఎం మకరోవ్ తెచ్చారు. మకరోవ్ గుండు పారబెల్లమ్ కన్నా వెంట్రుకవాసి లావు, గొట్టం పొట్టి. ఒకరి తూటా మరొకరి పిస్తోలులో పట్టదు.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లియెజ్‌లో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన చివరి పిస్తోలును శిష్యుడి వంటి ద్యూదొనె సేవ్ పూర్తిచేశాడు. 1935లో వచ్చిన ఆ హైపవర్‌లో 13 రౌండ్ల 9 ఎంఎం మ్యాగజైన్. రెండో యుద్ధకాలంలో కెనడాలోని టొరంటోలో ఇంగ్లిస్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ వరసలోనిదే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే మన పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ. దమ్‌దమ్‌కు ఇషాపూర్ ఎంతో దూరం కాదు. పుణె దగ్గర 1869లో మొదలైన ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ వంటివి తూటాలు అందించాయి. 1962లో నాటో 9 ఎంఎంను ఉమ్మడి ప్రమాణం చేసుకుంది. 1985లో పాయింట్ 45ను ప్రాణంగా చూసుకున్న అమెరికా సైన్యం కూడా బెరెట్టా తీసుకుని 9 ఎంఎంకు మారింది. సైనికుల తగువు అలా ఒక కొలిక్కి వచ్చింది. మన దేశంలో దీనికి మరో పార్శ్వం ఉంది. 9 ఎంఎం, పాయింట్ 38 వంటి కొలతలను ప్రొహిబిటెడ్ బోర్‌గా ఉంచారు. లైసెన్సు రివాల్వర్ అంటే మనవాళ్లకు పాయింట్ 32 గుర్తుకు రావడానికి కారణం అదే. సర్కారు తూటా బయటి తుపాకీలో పట్టకూడదన్న జాగ్రత్త అందులో ఉంది.

పోలీసుల తగువు మాత్రం అప్పుడే రాజుకుంది. హేగ్ ప్రకటన దేశాల మధ్య యుద్ధానికి సంబంధించినది, వీధిలో దొంగను పట్టుకునే కానిస్టేబుల్‌కు అది వర్తించదు. అమెరికా పోలీసులు దశాబ్దాలుగా వాడిన పాయింట్ 38 స్పెషల్ గుండ్రటి సీసపు గుండు సరిగా ఆపడం లేదన్న ఫిర్యాదుతో 1960ల నుంచి గుంట ముక్కు గుండ్లు అక్కడి అంగళ్లలోకి, ఆయుధాగారాల్లోకి వచ్చాయి. ఏది మంచిదన్నదానికి మాత్రం కబుర్లే ఆధారం. ఒకరు చూసిన ఘటన, ఇంకొకరు విన్న ఘటన.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఆ కబుర్లకు తెరపడింది. బ్యాంకులు దోచే ఇద్దరు దుండగులను ఎనిమిది మంది ఎఫ్‌బీఐ అధికారులు అడ్డగించారు. కాల్పులు మొదలైన కొద్దిసేపటికే ఒక అధికారి 9 ఎంఎం గుంట గుండు ఆ ఇద్దరిలో ఒకడి కుడిచేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరింది. ప్రాణాంతకమైన గాయమే, కానీ గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయంతోనే అతను ఇంకా నిమిషాలపాటు కాల్చాడు. బెంజమిన్ గ్రోగన్, జెర్రీ డవ్ అనే అధికారులు అతని చేతిలో చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఆ గుండు తయారీదారు చెప్పినట్టే విచ్చుకుంది. విచ్చుకుంది కనుకనే తొందరగా ఆగిపోయింది.

ఆ అంగుళం చుట్టూ ఒక కొత్త శాస్త్రం పుట్టింది. వియత్నాం యుద్ధంలో దానాంగ్ ఆసుపత్రిలో గాయాలు కుట్టిన శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ అప్పటికే సైనిక ప్రయోగశాలలో జిలాటిన్ దిమ్మల మీద గుండ్లు కాల్చి కొలుస్తున్నాడు. నీళ్లలో కరిగించిన జిలాటిన్‌ను 10 శాతం పాళ్లలో గడ్డకట్టించి 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అది కండరానికి దగ్గరగా ప్రవర్తిస్తుంది. ప్రతి దిమ్మనూ ముందు ఒక చిన్న ఉక్కు గుండుతో కాల్చి అది ఎంతలోతు దిగిందో చూసి, సరైన లోతు వస్తేనే అసలు పరీక్షకు వాడతారు. దిమ్మ పారదర్శకంగా, లేత పసుపు రంగులో ఉంటుంది. గుండు దిగిన దారి లోపల తెల్లగా, పగిలిన అద్దంలా కనిపిస్తుంది. చివరన విచ్చుకున్న రాగి రేకులతో గుండు ఆగి ఉంటుంది. స్కేలు పెట్టి కొలవడమే తరువాయి. 1987లో అమెరికాలోని క్వాంటికోలో ఎఫ్‌బీఐ పిలిచిన నిపుణులు, 1989లో యూరీ ప్యాట్రిక్ రాసిన నివేదిక ఆ కొలతల మీదే నిలబడ్డాయి. గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. ఉత్త దిమ్మ మీదే కాదు, మందపాటి బట్టలు, ఉక్కురేకు, గోడ పలక, ప్లైవుడ్, కారు అద్దం దాటి వచ్చినప్పుడు కూడా అది నెరవేరాలి. మెదడుకో వెన్నుకో తగిలితే తప్ప మనిషి తక్షణం కూలిపోడని, గుండె పగిలినా పది పదిహేను సెకన్లు కదలగలడని ఆ నివేదిక నిష్ఠూరంగా చెప్పింది. థామ్సన్, లగార్డ్‌ల మరుగునపడ్డ రెండో మాట అలా తిరిగి వెలుగు చూసింది.

తరవాతి పాతికేళ్లు ఒక చక్రంలా తిరిగాయి. ఎఫ్‌బీఐ మొదట 10 ఎంఎం వైపు వెళ్లింది. ఎదురుదెబ్బ ఎక్కువై చాలామందికి చేతకాలేదు. 1990లో వచ్చిన పాయింట్ 40 స్మిత్ అండ్ వెసన్ అమెరికా పోలీసులను దాదాపు ఒక తరంపాటు ఏలింది. ఈలోగా గుంట ముక్కు తయారీ మెరుగుపడింది. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం లెక్క చూసుకుంటే 9 ఎంఎం నుంచి పాయింట్ 45 దాకా గుండ్లన్నీ దిమ్మలో ఇంచుమించు ఒకేలా పనిచేస్తున్నాయి. పోలీసు కాల్పుల్లో నూటికి 70 నుంచి 80 గుండ్లు గురి తప్పుతున్నాయని అదే పత్రం ఒప్పుకుంది. అలాంటప్పుడు తేలిగ్గా అదుపయ్యే, మ్యాగజైన్‌లో ఎక్కువ పట్టే 9 ఎంఎం కన్నా ఇంకేం కావాలి? లూగర్ తూటా నూరేళ్లు దాటాక మళ్లీ గెలిచింది.

గురి తప్పిన గుండు ఎటు పోతుంది, తగిలిన గుండు అవతలికి దూసుకెళితే ఎవరిని తాకుతుంది అన్న ఆలోచనే న్యూయార్క్ పోలీసులను 1998లో గుంట గుండ్లకు మార్చింది. అప్పటివరకు వాళ్లు సైన్యంలాగే తొడుగు గుండు వాడేవారు. దారిన పోయేవాళ్లకు, సహోద్యోగులకు తమ గుండ్లే తగులుతుండటం వాళ్లను కలచివేసింది. కొత్త శతాబ్దం మొదట్లో జర్మన్ పోలీసులూ విచ్చుకునే గుండ్లకు మారారు. ఇదే 1998లో రోమ్‌లో రాసుకున్న అంతర్జాతీయ నేర న్యాయస్థానపు శాసనం యుద్ధంలో అలాంటి గుండ్లు వాడటాన్ని నేరాల జాబితాలో చేర్చింది. 2010లో కంపాలాలో ఆ నేరాన్ని దేశంలోపలి పోరాటాలకూ విస్తరించారు. ఒకే ఏడాదిలో ఒకే గుండు ఒక నగరంలో రక్షణ అయింది, ఇంకో నగరంలో నేరం అయింది. ఇందులో వైరుధ్యం ఉందని నేననుకోను. యుద్ధభూమిలో గాయపడ్డవాడి బాధ గురించి హేగ్ ఆలోచించింది. రద్దీ వీధిలో గాయపడనవాడి ప్రాణం గురించి న్యూయార్క్ ఆలోచించింది.

ఆ గీత కూడా మసకబారుతోంది. 2017లో అమెరికా సైన్యం కొత్త సిగ్ సావర్ పిస్తోలు తీసుకున్నప్పుడు దానికి రెండు రకాల 9 ఎంఎం తూటాలు ఎంచుకుంది. ఒకటి తొడుగు గుండు, రెండోది ప్రత్యేక పనులకు గుంట గుండు. హేగ్‌లో కాదన్న రోజు నుంచి మొదలైన ఆ దేశపు సందిగ్ధం నూటపద్దెనిమిదేళ్లకు ఒకే పిస్తోలులోకి చేరింది.

మన దగ్గర పాయింట్ 38 వెళ్లిపోయి 9 ఎంఎం వచ్చింది. సర్కారు ఫ్యాక్టరీల నుంచి పోలీసుకు వచ్చే మామూలు తూటా మాత్రం సైన్యానిదే, నున్నటి ముక్కు తొడుగు గుండు. అడవిలో అది సబబు. కోఠి బజారులో, విజయవాడ బస్టాండులో భుజానికి భుజం రాసుకునే జనం మధ్య కాల్చాల్సి వస్తే అది ఎంతమందిని దాటుకుని ఆగుతుందో కొలిచి చూడాలి. మన జిలాటిన్ దిమ్మల మీద, మన ఎండల్లో, మన పలచటి నూలు బట్టల మీద కొలవాలి. ఈ పనికి మన ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో చేతులున్నాయి, పోలీసు అకాడమీల్లో మైదానాలున్నాయి. రాత్రి డ్యూటీ దిగాక ఆయుధాగారం కిటికీ దగ్గర ఎస్‌ఐ మ్యాగజైన్ విప్పి రౌండ్లు ఒక్కొక్కటీ బల్ల మీద నిలబెడతాడు. లోపలున్న కానిస్టేబుల్ వేలితో తాకుతూ లెక్కపెట్టి, రిజిస్టరులో తీసుకున్నవి పది, అప్పగించినవి పది అని రాసి సంతకం పెట్టిస్తాడు.